మొక్కజొన్న పీచు కషాయం

కిందటి వారం నేలిదాను ఆసుపత్రి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపల మంచం మీద ఆమె తండ్రి ఆన్సెల్మో. ఆదివారం మధ్యాహ్నం ప్రాణస్నేహితుడు బాల్దెమార్ ఇంటి పెరట్లో మాంసం కాలుతుంటే, అందరితో పాటు నవ్వుతూ లేచి వెళ్ళిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదు. స్నానాల గది తలుపు పగలగొట్టింది బాల్దెమారే. లోపల నేల మీద ఏం కనిపించిందో ఎవరికీ చెప్పకుండా తనే తుడిచేసి, స్పృహ లేని స్నేహితుణ్ణి ట్రక్కులో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. కూతురు గదిలోకి రాబోతే ఆన్సెల్మో చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు బయటుండమ్మా" అన్నాడు. స్పానిష్ వచ్చిన మగ నర్సు ఒకడు దొరికితే మాటలన్నీ వాడితోనే నడిపించాడు. సాయంత్రం బాల్దెమార్ బయటికొచ్చి, టోపీ అంచు చేత్తో నలుపుకుంటూ, "అది నడుం నొప్పి కాదు పిల్లా. ఏడాదై ఒంటేలులో నెత్తురు పడుతోంది" అన్నాడు.

ఆ మాట దగ్గరే మనం ఆగింది. ఆ మాట దగ్గరే నేలిదా కూడా ఆగిపోయింది.

నేలిదా నోటికి ఆ సరిహద్దు ఊరు వెస్లాకోలో పేరుంది. గయ్యాళి అని కాదు. ఎనిమిదో ఏట, కరెంటాఫీసు బల్ల అందక మునివేళ్ళ మీద నిలబడి, "మా నాన్న బిల్లు కట్టేశాడండీ, మీరే మర్చిపోయారు" అని ఇంగ్లీషులో గద్దించి వచ్చిన పిల్ల. అప్పట్నుంచీ స్పానిష్ తప్ప రాని ఆ ఇంటికి నోరు ఆమే. బ్యాంకైనా, బడైనా, తోట యజమానైనా, చుట్టం చచ్చిపోతే శవపేటిక అమ్మేవాడైనా, "ఉండండి, నేలిదా వస్తుంది" అనేవారు. అన్న ఎఫ్రాయిన్‌కీ ఇంగ్లీషు వచ్చు గానీ, లారీ తోలుకుంటూ క్రిస్మస్‌కి కనిపిస్తే అదే గొప్ప. ఇప్పుడు నేలిదాకి నలభై దాటాయి. బళ్ళో గుమాస్తా ఉద్యోగం, పక్క వీధిలోనే కాపురం. అయినా పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. తను లేకపోతే ఈ ముసలివాళ్ళు ఏమైపోతారో అనుకునేది. అలా అనుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి?

ఆసుపత్రి వాళ్ళు ఆన్సెల్మోని కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి పంపేశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి ఇచ్చారు. గురువారం పక్కనున్న పెద్ద ఊరు మెకాలెన్‌లో పెద్ద డాక్టరు ఫలితం చెబుతాడు. పెద్ద డాక్టరుకి స్పానిష్ ముక్క రాదు, ఆ మగ నర్సేమో ఆసుపత్రి దాటి రాడు. ఈ సంగతి విన్న మరుక్షణం ఆన్సెల్మో తేల్చేశాడు: "అయితే నేను రాను."

బుధవారం బడి నుంచి నేలిదా తిన్నగా పుట్టింటికి వచ్చింది. వంటింట్లో తల్లి ఎర్లిందా పెనం మీద తొర్తియా రొట్టెలు తిప్పుతోంది. కిటికీ పక్కన, సాన్ హువాన్ మరియమాత పటం కింద, వెడల్పు మూతి సీసాలో ఎండిన మొక్కజొన్న పీచు కుక్కి ఉంది. నేలిదా దాన్ని ఏడాదిగా చూస్తూనే ఉంది.

"అమ్మా, నీకు తెలుసా?"

"ఏది?"

"ఏదేంటి? నాన్న సంగతి."

ఎర్లిందా తొర్తియా తిప్పింది. అది పొంగి, మళ్ళీ కిందికి దిగేదాకా చూసింది.

"మొగుడి గుడ్డలు ఉతికేదాన్ని నేను. నాకు తెలీకుండా ఎలా ఉంటుందే?"

"తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? పోయిన ఈస్టరు ముందు తపస్సు కాలం నుంచి! నేను వారం వారం వచ్చి ఆయన నడుముకి మందు రాస్తుంటే పక్కనే నిలబడి చూశావు కదమ్మా! ఒక్క ముక్క చెప్పడానికి నోరెందుకు రాలేదు?"

"ఏమని చెప్పేది? మీ నాన్నకి ఫలానా చోట నుంచి నెత్తురు పడుతోందీ అని నీకు చెప్పనా? ఆయనకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఒట్టు వేయించుకున్నాడు. 'పిల్ల చెవిన పడిందో, నేను మళ్ళీ దాని మొహం చూడలేను' అన్నాడు."

"ఆ ఒట్టు కోసం మనిషిని చంపుకుంటామా?"

ఎర్లిందా గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసింది. ఆవిడ సాధారణంగా గొంతు పెంచదు. ఇప్పుడూ పెంచలేదు.

"ఊరికే చేతులు ముడుచుకు కూర్చోలేదమ్మాయ్. పీచు కషాయం కాచాను. వంతెన మీదుగా సరిహద్దు అవతలికి వెళ్ళి సూదులు వేయించుకొచ్చాడు. క్షౌరానికని బాల్దెమార్‌ని వెంటేసుకుని వెళ్ళొచ్చేవాడు చూడు, ప్రతిసారీ జుట్టు అలాగే ఉండేది. నువ్వు నవ్వేదానివి కూడా, 'ఏ మంగలి దగ్గరికి వెళ్ళారు నాన్నా, డబ్బులు వెనక్కి తీసుకోండి' అని."

నేలిదాకి ఆ నవ్వు గుర్తొచ్చింది.

"నన్ను అడుగుతున్నావు గానీ," అంది ఎర్లిందా, సీసా వైపు గడ్డంతో చూపిస్తూ, "ఈ పీచు దేనికి కాస్తారో ఈ వ్యాలీ ఊళ్ళలో పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. నడుం నొప్పికి కాస్తారా ఎవరన్నా? నీకు కానుపయ్యాక ఒంటేలులో మంట పుడితే నీకూ కాచిచ్చాను కదా. నీ కళ్ళ ముందే మీ నాన్న రోజూ చెంబుడు తాగాడు. 'ఇదెందుకమ్మా?' అని నువ్వెప్పుడన్నా అడిగావా?"

నేలిదా సీసా వైపు చూసింది. ఆ కషాయం వాసన గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కుకి తగిలేది. తగిలిన ప్రతిసారీ ఆమె మనసు పక్కకి తప్పుకునేది, బట్టలు మార్చుకుంటున్నవాళ్ళ గది తలుపు పొరపాటున తీసినప్పుడు చూపు తిప్పుకున్నట్టు. తెలియక కాదు. తెలుసుకోకూడదని.

ఆన్సెల్మో పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రబ్బరు బూట్లకి అంటుకున్న మట్టి చాకుతో గీకుతున్నాడు. నారింజ, పంపరపనస తోటలకి కాలవ నీళ్ళు కట్టడం ఆయన పని. ఆ పెద్ద మంచు కురిసిన ఏడాది తోటలన్నీ మాడిపోయాక ఆ పనీ పోయింది. అయినా బూట్లు శుభ్రం చేయడం మానలేదు. కూతురి అడుగుల చప్పుడు విని టోపీ సర్దుకున్నాడు.

"మీ అమ్మతో ఏంటా అరుపులు? ఆవిడనేం అనకు."

"నాన్నా, రేపు మనం వెళుతున్నాం."

"నేను రానన్నాను కదా."

"ఎందుకు రారు?"

"చెప్పాగా."

"ఎక్కడ చెప్పారు? ఏడాది నుంచీ ఏమీ చెప్పడం లేదుగా మీరు! డాక్టరు దగ్గరికి తీసుకెళితే నడుమన్నారు. మళ్ళీ తీసుకెళితే మళ్ళీ నడుమన్నారు. నేను నమ్మాను. పచ్చి అబద్ధం ఆడారు నాతో."

ఆ ఇంట్లో తండ్రితో ఎవరూ అలా మాట్లాడరు. ఆన్సెల్మో మాత్రం కోప్పడలేదు. బూటు పక్కన పెట్టి చాకు మడిచాడు.

"నడుమూ నొప్పెట్టిందమ్మా. అది అబద్ధం కాదు."

"రెండోది ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? డాక్టరుకి చెప్పాలంటే నీకు చెప్పాలి. నిన్ను ఎత్తుకుని తిప్పిన మనిషిని. నీ పెళ్ళిలో చెయ్యి పట్టి గుడి లోపలికి నడిపించిన మనిషిని. నా కాళ్ళ మధ్య సంగతి నీ నోట్లో ఎలా పెట్టమంటావు?" ఆ ఒక్క మాటకే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "చూశావా, చివరికి అనిపించావు. ఎఫ్రాయిన్ ఉంటే అది వేరు."

"ఎఫ్రాయిన్ ఎప్పుడున్నాడు నాన్నా? నేనే కదా ఉన్నాను!"

"అదే కదా మరి," అన్నాడు ఆన్సెల్మో మెల్లగా.

రాని కొడుకు వస్తే బతికేవాడు, రోజూ వచ్చే కూతురి వల్ల బతకలేకపోతున్నాడు. ఇన్నేళ్ళు నేలిదా తనే ఈ మనిషికి తలుపు అనుకుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం తనే గోడ అయింది.

ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటు, ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట కూడా బయటికొచ్చింది.

"నాన్నా, నిరుడు నడుమని వెళ్ళిన రోజు ఆ కుర్ర డాక్టరు అడిగాడు. మీరు చెప్పకపోయినా ఆయన అడిగాడు. నెత్తురేమన్నా పడుతోందా, ఇబ్బందిగా ఉందా అని. నేనది మీకు చెప్పలేదు."

ఆ పరీక్ష గది ఇప్పటికీ ఆమె కళ్ళకి కట్టినట్టుంది. నాన్న బల్ల అంచున, టోపీ మోకాలి మీద పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నాడు. డాక్టరు కుర్రాడు, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చాడు. అడగవలసినవి చకచకా అడిగాడు. ఇంగ్లీషులో ఆ మాటలు నేలిదాకి బడి పుస్తకంలో మాటలే, సిగ్గేమీ లేదు. స్పానిష్‌లో మాత్రం వాటిని కాలవ గట్టున ఆకతాయి పిల్లలు అరుస్తుంటేనో, తాగినవాళ్ళు తిట్టుకుంటుంటేనో విన్నది. ఇంట్లో మర్యాదగా అనడానికి మాటే లేదు. నాలుక తిరగలేదు. "ఇంకేమన్నా బాధ ఉందా నాన్నా అని అడుగుతున్నారు" అంది. "ఏం లేదు, దేవుడి దయ" అన్నాడు నాన్న. "లేదంటున్నారు" అని ఆమె డాక్టరుకి చెప్పింది. డాక్టరు రబ్బరు తొడుగు చేతికి వేసుకోబోయాడు. నాన్న ఆ తొడుగుని చూసి టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆయనకి నడుం నొప్పి ఒక్కటేనండీ" అని నేలిదాయే గబగబా అనేసింది. కుర్రాడు భుజాలెగరేసి నొప్పి మాత్రలు రాసిచ్చాడు. తిరుగు దారిలో తండ్రీకూతుళ్ళిద్దరూ తీపి రొట్టెలు కొనుక్కుని, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చారు.

అదంతా ఇప్పుడు బకెట్టు ముందు నిలబడి చెప్పేసింది. చెప్పి, తండ్రి తిడతాడని ఎదురు చూసింది. తిట్టాలనే కోరుకుంది.

ఆన్సెల్మో మడిచిన చాకు జేబులో వేసుకున్నాడు.

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"నెత్తురనే మాట నాకు ఇంగ్లీషులో తెలుసు. నలభై ఏళ్ళు ఆ దొరల దగ్గర పనిచేశాను. నీళ్ళు, తూము, తొందర, రేపు, నెత్తురు. ఈ అయిదూ తెలీకుండా తోటలో ఎవడూ బతకడు. మాతో పనిచేసే పొంసియానో వేళ్ళు తూము తలుపు కింద నలిగిపోయిన రోజు మేస్త్రీ ఎంత అరిచాడనుకున్నావు ఆ మాట! డాక్టరు నోట్లో అది విన్నాను. అడిగేశాడు, ఇక చెప్పాల్సిందే అనుకున్నాను. నిజంగా. నోరు తెరవబోయాను."

"మరి?"

"నువ్వు నా వైపు తిరిగి ఇంకోటి అడిగావు."

పక్కింటి మేకలు అరుస్తున్నాయి. నేలిదాకి అవి ఎక్కడో దూరంగా వినిపించాయి.

"నా బిడ్డ నా పరువు కాపాడుతోంది అనుకున్నాను," అన్నాడు ఆన్సెల్మో. "తనకి వినడం ఇష్టం లేదు, నా చేత చెప్పించడం ఇష్టం లేదు, ఎంత మర్యాదగా పెంచాం దీన్ని అనుకున్నాను. తొడుగు వేసుకోబోతుంటే నువ్వే ఆపావు చూడు, అప్పుడైతే నీకు మొక్కుదామనిపించింది. ఇంటికొచ్చి మీ అమ్మతో కూడా చెప్పాను. గర్వంగానే చెప్పాను తల్లీ."

ఆయన తిట్టి ఉంటే నేలిదా తట్టుకునేది. ఇది ఎలా తట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. పెరట్లో మట్టి మీదే కూలబడి, బళ్ళో దెబ్బ తగిలి వచ్చిన పిల్లలా తండ్రి మోకాలికి తలానించి ఏడ్చింది. ఒకరి సిగ్గు ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ కలిసి ఒక ఏడాదిని పారబోసుకున్నారు. అందులో ఎవరి తప్పెంతో తూకం వేయగల మనిషి ఆ ఇంట్లో లేడు.

ఆ సమయానికి బాల్దెమార్ వచ్చాడు. ఆయన వేళ కాని వేళ రావడంలో దిట్ట, ఈసారి మాత్రం వేళకే వచ్చాడు. నేలిదాని జ్ఞానస్నానం రోజున చేతుల్లో పట్టుకున్న జ్ఞానపిత ఆయన. అందుకే ఆమెకి ఆయన పద్రీనో. ఆ బంధం వల్లనే ఇద్దరు స్నేహితులూ ఒకరికొకరు కొంపాద్రెలు. ఆ పిలుపు అన్నదమ్ముల వరస కంటే ఒక మెట్టు పైన.

"ఏంటిది, ఇంకా బతికే ఉన్నాడుగా కొంపాద్రె, అప్పుడే ఏడుపులెందుకు?" అన్నాడు.

"రేపు రానంటున్నారు పద్రీనో."

"ఎందుకొస్తాడు? గాడిదకి టోపీ పెడితే మనిషవుతుందా?"

"నీకు ఇంగ్లీషొచ్చి ఏడిస్తే నువ్వే తీసుకెళ్ళేవాడివి, మాట్లాడకు," అన్నాడు ఆన్సెల్మో.

"నా ఇంగ్లీషుకేం? బీరు, థాంక్యూ, పోలీసు. డాక్టరుకి ఇవి చాలవంటావా?" బాల్దెమార్ గోడకి ఆనుకుని కాసేపు మీసం దువ్వుకున్నాడు. పెళ్ళి సంబంధం ఎత్తాలన్నా, అలిగినవాళ్ళని కలపాలన్నా ఆ వీధిలో ఆయన్నే పిలుస్తారు. ఎదురెదురుగా అనలేని మాటల్ని మోసుకెళ్ళడం ఆయనకి అలవాటైన పని. "ఇదిగో, ఇలా చేద్దాం. నువ్వు నాకు చెబుతావు. నీ పేరెత్తకుండా, ఎవరో 'ఒకాయన' ఉన్నాడని చెబుతావు. అదే నేను పిల్లకి చెబుతాను. పిల్ల డాక్టరుకి చెబుతుంది. మధ్యలో తెర వేయిద్దాం. నువ్వు దాని మొహం చూడక్కర్లేదు, అది నీ మొహం చూడక్కర్లేదు. ఒకాయన రోగం ఒకాయనది, మీ ఇద్దరికీ ఏం సంబంధం?"

ఆన్సెల్మో ఆలోచించాడు. పెళ్ళి సంబంధాలు కుదిర్చేటప్పుడు పెద్దమనిషి పెట్టే షరతులా ఉంది, అందుకే కొంచెం మింగుడుపడింది.

"ఆ ఒకాయనకి ఊళ్ళో పరువుందని గుర్తుపెట్టుకో," అన్నాడు చివరికి.

గురువారం మెకాలెన్‌లో ఆ పెద్ద డాక్టరు తన ఉద్యోగంలో ఎన్ని చూశాడో గానీ, ఇలాంటిది చూసి ఉండడు. తెరకి అవతల బల్ల మీద రోగి. తెర అంచున స్టూలు మీద, తల అటూ ఇటూ తిప్పుకుంటూ మీసాల పెద్దాయన. ఇవతల, గోడ వైపు మొహం పెట్టుకుని కూతురు. డాక్టరు జుట్టు నెరిసినవాడు, గొంతు మెత్తన. తెర ఎందుకని అడిగాడు. నేలిదా చెబితే, తల ఊపి ఊరుకున్నాడు.

"రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారని అడుగుతున్నారు పద్రీనో, ఆ ఒకాయన."

బాల్దెమార్ తెర అవతలికి వంగాడు. గుసగుసలు.

"కోడి కంటే ముందు, మేకల కంటే ముందు, రాత్రంతా లేస్తూనే ఉంటాడట. వీధి కుక్కలకి ఆయన బాగా అలవాటైపోయాడట."

నేలిదా చెప్పింది. డాక్టరు నవ్వి రాసుకున్నాడు. నెత్తురు ఎప్పటి నుంచి, మంట ఉందా, ధార ఎలా ఉంటుంది, భార్యతో సంగతేమిటి. ఒక్కొక్క ప్రశ్నా గోడకి చెప్పినట్టు నేలిదా చెప్పింది. ఒక్కొక్క జవాబూ "ఒకాయన" మీదుగా వచ్చింది. నిరుడు ఎంతకీ తిరగని నాలుక, తండ్రి మొహం కనబడకపోయేసరికి తిరిగింది. మధ్యలో ఒకసారి డాక్టరు అయోమయంగా, "మనం మాట్లాడుతున్నది ఈయన గురించేనా, ఇంకెవరి గురించైనా?" అన్నాడు. అది తెర అవతలికి చేరాక ఆన్సెల్మో పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని నేలిదాకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికైన పని, ఒక స్టూలు, ఒక గుడ్డ తెర. నిరుడు ఎవరికీ తట్టలేదు.

డాక్టరు కలం జేబులో పెట్టి ఫలితం కాగితాలు తీశాడు. గొంతు ఇంకా మెత్తబడింది. ఆయన మెత్తబడ్డకొద్దీ నేలిదా బిగుసుకుపోయింది.

కాన్సర్ అన్నాడు. మూత్రపు సంచి కింద ఉండే గ్రంథిలో పుట్టి వెన్నెముకకి పాకిందన్నాడు. నడుం నొప్పి కూడా దానిదేనట. ఆ గ్రంథిని తీసేసి నయం చేసే దశ దాటిపోయిందన్నాడు. అయితే చేయగలిగింది ఒకటుంది. ఆ రోగానికి మేత మగవాడి బీజాల్లో ఊరే రసం. ఆ రెండింటినీ ఆపరేషన్ చేసి తీసేస్తే రోగం మాడుతుంది, కొన్నేళ్ళు నొప్పి లేకుండా బతకచ్చు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఈ రోజు ఒప్పుకుంటే సోమవారమే చేస్తానన్నాడు. అంతా అయ్యాక, కాగితాలు మూస్తూ, తనలో తను అనుకున్నట్టు, "పోయిన ఏడాది వసంతంలో వచ్చి ఉంటే నేను వేరే మాట చెప్పేవాణ్ణి" అన్నాడు.

బాల్దెమార్ స్టూలు మీద ఇటు తిరిగాడు.

"ఏమన్నాడే తల్లీ?"

నేలిదా నోట్లో జవాబు అప్పుడే తయారైపోయింది. అలవాటు అలాంటిది. చిన్న ఆపరేషనట, ఏం భయం లేదట, సోమవారమట. ఇంతే. నాన్న వచ్చేవాడు, పడుకునేవాడు, లేచాక తెలిసేది. లేచాక! ఆ ఊళ్ళో, ఆ వయసు మగవాడికి, ఏం తీసేశారో లేచాక తెలియడం ఎలా ఉంటుందో తలుచుకోవడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. పోనీ ఉన్నదున్నట్టు చెబితే? టోపీ చేతిలోకి తీసుకుని లేచి వెళ్ళిపోతాడు. ఇంక ఏ డాక్టరు మొహమూ చూడడు. ఇక ఆ చివరి మాట, వసంతం మాట, అది ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకి తెలుసు.

"నేలిదా."

తెర అవతల నుంచి ఆన్సెల్మో గొంతు. ఒకాయన మీదుగా కాదు, నేరుగా.

"పోయిన ఏడాది అన్నాడు కదా? ఆ మాటా నాకు తెలుసు. ఏ ఏటికా ఏడు పని ఉంటుందో లేదో చెప్పేవాళ్ళు, అలా నేర్చుకున్నాను. ఈసారి నా పరువు కాపాడకమ్మా. ఆయన ఏమన్నాడో అది చెప్పు. ఏదీ మింగకు."

నేలిదా గోడ వైపు నుంచి తిరిగింది. తెర అంచు పట్టుకుని పక్కకి లాగింది. నాన్న నిరుటి లాగే కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఒంటి మీది ఆసుపత్రి చొక్కాలో చిన్నగా కనబడుతున్నాడు.

"నాన్నా, ఆయన చివర్లో అన్నది ముందు చెబుతాను. పోయిన ఏడాది మనం ఇదంతా చెప్పి ఉంటే నయమయ్యేదట. ఇప్పుడు నయం కాదట."

ఆన్సెల్మో తల ఆడించాడు, ఎప్పుడో తెలిసిన సంగతి విన్నట్టు. కళ్ళు మాత్రం తడిశాయి.

"సరే. అది మనిద్దరిదీ. ఇంకోటి ఉంది కదా? నీ మొహం చూస్తే తెలుస్తోంది. అసలుది అదే."

"ఉంది."

"నా గురించేనా, ఒకాయన గురించా?"

"మీ గురించే నాన్నా."

ఆన్సెల్మో మోకాలి మీది టోపీ తీసి, చెయ్యి చాచినా అందనంత దూరంలో, డాక్టరు బల్ల మీద పెట్టాడు. తర్వాత స్టూలు మీద ఉన్న స్నేహితుడి వైపు చూశాడు.

"కొంపాద్రె, నువ్వు కాసేపు బయటుండు."

బాల్దెమార్ ఏదో అనబోయి, ఆ ఇద్దరి మొహాలూ చూసి, మీసం కూడా దువ్వుకోకుండా లేచి వెళ్ళాడు. ఆయన వెనక తలుపు మూసుకుంది. తండ్రి కూతురి కళ్ళలోకి చూస్తూ, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు.